ఆకు మడతలో గుడ్డు: ఇంటి ట్యాంకులో న్యూట్‌ని గుర్తుపట్టడం

డిసెంబరు చివర్లో మా అక్క కూతురు విశాఖలోని సీతమ్మధార నుంచి ఫోన్లో ఒక ఫొటో పంపింది. ట్యాంకు అద్దం మీద వేలిగోరంత జిగురు ముద్ద, అందులో పదిహేనో ఇరవయ్యో లేత చుక్కలు. కింద "మావయ్యా, మన న్యూట్ గుడ్లు పెట్టేసింది!" అని రాసింది. న్యూట్ అంటే కప్పల కోవలోదే, తోక ఉన్న ఉభయచరం. అవి న్యూట్ గుడ్లు కావు, నత్తవి. ఆ సంగతి చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. కానీ మూడు వారాల తర్వాత అదే ట్యాంకులో న్యూట్ నిజంగానే గుడ్లు పెడితే గుర్తుపట్టలేకపోయింది నేను. మొక్క ఆకులు ముడుచుకుపోతున్నాయని ఆ పిల్ల చెప్పింది. మొక్క కుళ్ళుతోందనుకుని, ఆ ఆకులు తుంచి పారెయ్యమన్నాను. అలా ఆరేడు ఆకులు పోయాయి. ఆ మడతల్లో ఒక్కోదానిలో ఒక్కో గుడ్డు ఉండి ఉంటుంది. ఆ బాధ నన్నింకా వదల్లేదు. ఇంకొకరి ఇంట్లో అలా జరక్కూడదని ఇది రాస్తున్నాను.

పొరబడటానికి కారణం లేకపోలేదు. ఇక్కడ అక్వేరియం పెట్టుకునేవాళ్ళం అందరం చేపలతో మొదలుపెట్టినవాళ్ళమే. గుప్పీ నేరుగా పిల్లల్ని కంటుంది. ఏంజెల్ వెడల్పాటి ఆకు మీద గుడ్లు వరసగా పేరుస్తుంది. ఫైటర్ నురగతో గూడు కడుతుంది. ఇవన్నీ చూసి చూసి తెలిసినవి. న్యూట్ గుడ్డు మన కంటికి అలవాటు లేదు. అందుకని గుడ్డుతో కాకుండా తల్లితో మొదలుపెడితే చిక్కు తొందరగా విడుతుంది.

న్యూట్‌కి తెలుగులో పేరు లేదు. మన తూర్పు కనుమల్లో కప్పలు బోలెడున్నాయి గానీ, పెద్దయ్యాక కూడా తోకతోనే తిరిగే ఉభయచరం ఒక్కటీ లేదు. లేని జీవికి పేరెందుకు పెడతారు? దేశం మొత్తంలో ఆ కోవ జీవులు డార్జిలింగ్, సిక్కిం, మణిపూర్ లాంటి చోట్ల, కొండల్లో మాత్రమే ఉన్నాయి. వీపుకి రెండు పక్కలా బుడిపెల వరసలుంటాయి కాబట్టి మొసలి న్యూట్లు అంటారు. డార్జిలింగ్ వైపు, తూర్పు నేపాల్లో దొరికేదాన్ని చాలాకాలం టైలోటోట్రైటాన్ వెరుకోసస్ అనే పిలిచారు. అది వేరే జాతి అని 2015లో తేల్చి హిమాలయానస్ అని కొత్త పేరు పెట్టారు. ఈ జీవుల మీదే పనిచేసేవాళ్ళకి అంతకాలం పట్టిన విషయం, అమ్మేవాళ్ళ నోట ఒక్క మాటలో తేలుతుందని అనుకోకూడదు. మా అక్కవాళ్ళకి ఇచ్చేటప్పుడు దుకాణంలో "నీటి బల్లి" అన్నారట, చీటీ మీద "జపాన్ న్యూట్" అని రాశారు. రెండూ తప్పే.

బల్లి ఎందుకు కాదో తెలుసుకోవడానికి అద్దంలోంచి కాళ్ళు చూస్తే చాలు. న్యూట్‌కి ముందరి కాలికి నాలుగే వేళ్ళు, వెనక కాలికి ఐదు. గోళ్ళు ఉండవు. గోడ మీద బల్లికి నాలుగు కాళ్ళకీ ఐదేసి వేళ్ళుంటాయి. బల్లి ఒంటి మీద పొలుసులుంటాయి, న్యూట్‌ది కప్పలాంటి తడి చర్మం. బల్లి గుడ్డుకి పెంకు ఉంటుంది, అది నీళ్ళలో బతకదు. న్యూట్ గుడ్డుకి పెంకు లేదు, చుట్టూ పారదర్శకమైన జిగురు పొర ఉంటుంది, నీళ్ళు లేకపోతే ఎండిపోతుంది. అంటే "నీటి బల్లి" అన్న పేరు నమ్మినవాళ్ళు గుడ్ల కోసం ఇసుకలోనో గట్టు మీదో వెతుకుతారు, అసలు గుడ్లు కళ్ళెదుట మొక్కలోనే ఉన్నా చూడరు.

రెండో గందరగోళం ఆక్సలాటల్‌తో. ఫొటోల్లో చూసి పిల్లలు ముచ్చటపడే ఆ నవ్వుమొహం జీవి న్యూట్ కాదు, వేరే కుటుంబానిది. సొంత ఊరు మెక్సికో నగరం దక్షిణ భాగంలోని సోచిమిల్కో కాలవలు. అది జీవితమంతా పిల్లదశలోనే ఉండిపోతుంది, తల వెనక మూడు జతల ఈకల్లాంటి మొప్పలు ఎప్పటికీ పోవు. పెద్దదైన న్యూట్‌కి మామూలుగా ఆ మొప్పలుండవు, అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగి వెళుతుంది. కాబట్టి జానెడు పొడవున్న జీవికి మొప్పలు కనబడితే దాదాపు ఖాయంగా ఆక్సలాటల్. రెండు మూడు సెంటీమీటర్ల దానికి కనబడితే అది దేని పిల్లయినా కావచ్చు, పెరిగేదాకా ఆగాలి.

మా అక్కవాళ్ళ దానికి మొప్పల్లేవు. స్కేలు అద్దానికి ఆనించి కొలిస్తే ముక్కు నుంచి తోక చివరిదాకా 8 సెంటీమీటర్లు. వీపు నున్నగా, మచ్చలేని నలుపు. కడుపు కుంకుమ రంగు, దాని మీద నల్ల మచ్చలు. తోక చివర గుండ్రం. ఇవన్నీ చైనా ఎర్రకడుపు న్యూట్ లక్షణాలు, దాని శాస్త్రనామం సైనాప్స్ ఓరియెంటాలిస్. జపాన్‌ది దీనికి దాయాది, సైనాప్స్ పిర్రోగాస్టర్. అది ఇంకాస్త పెద్దది, 9 నుంచి 14 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చర్మం గరుకు, చెవి ఉండాల్సిన చోట విషగ్రంథుల ఉబ్బు స్పష్టంగా కనిపిస్తుంది, తోక చివర సన్నబడుతుంది. తల బల్లపరుపుగా, తోక తెడ్డులా ఉండి ఒళ్ళు గోధుమరంగులో ఉంటే అది ఈ రెండూ కాదు, పాకీట్రైటాన్ అనే ఏటి న్యూట్. అది పారే చల్లటి నీటి జీవి, తోటి న్యూట్ల మీద కలబడే రకం. కడుపు ఎర్రగా ఉందని మూడింటినీ ఒకే పేరుతో అమ్మడం వల్లే ఒకే తొట్టిలో పెట్టి ప్రాణం మీదికి తెస్తారు.

ఆ ఎర్రటి కడుపు ఊరికే లేదు. ఈ న్యూట్ల చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. పఫర్ చేపలో ఉండేదీ అదే విషం. పట్టుకుంటే చచ్చిపోతామని కాదు, కడుపులోకి వెళితే ప్రమాదం. ట్యాంకులో చెయ్యిపెట్టాక సబ్బుతో కడుక్కోవాలి, పసిపిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు, చేపలతో కలిపి పెంచకూడదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. మా అక్క కూడా అదే అడిగింది: "ఒక్కటే ఉంది కదరా, మగది లేకుండా గుడ్లెలా పెడుతుంది?"

న్యూట్లలో జత కలవడం కప్పల్లా ఉండదు. మగది ఆడదాని ముఖం ముందు తోక ఆడిస్తుంది. ఆడది వెంట నడిస్తే నేల మీద చిన్న వీర్యపు పొట్లం వదులుతుంది. ఆడది దాని మీదుగా వెళ్ళి ఆ పొట్లాన్ని తన లోపలికి తీసుకుంటుంది. అలా తీసుకున్న వీర్యం ఆడదాని ఒంట్లో నెలల తరబడి పాడవకుండా ఉంటుంది. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు లోపలే ఫలదీకరణ జరుగుతుంది. కాబట్టి దుకాణం తొట్టిలో ఎప్పుడో జతకట్టి, ఇంటికి ఒంటరిగా వచ్చిన ఆడది కూడా పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. 1994 జులైలో కొలంబియా వ్యోమనౌకలో నాలుగు జపాన్ న్యూట్లని అంతరిక్షానికి పంపింది ఈ లక్షణాన్ని నమ్ముకునే. అన్నీ ఆడవే, వీర్యం ముందే లోపల దాచుకున్నవి. భూమి ఆకర్షణ తెలియని చోట అవి గుడ్లు పెట్టాయి. సీతమ్మధారలో ఒక గాజు తొట్టిలో ఒంటరి ఆడది గుడ్లు పెట్టిందంటే అందులో వింతేమీ లేదు.

ఆడా మగా తేడా తెలియాలంటే తోక మొదట్లో, కాళ్ళ మధ్యన చూడాలి. జతకట్టే కాలంలో మగదానికి అక్కడ బఠాణీ గింజలా ఉబ్బి ఉంటుంది. ఆడదానికి అంత ఉబ్బు ఉండదు, కడుపు మాత్రం రెండు పక్కలకీ నిండుగా కనిపిస్తుంది. విశాఖలో చలి తక్కువే అయినా, డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్ళు 20 డిగ్రీల దాకా దిగుతాయి. చలికాలపు ఆ చల్లదనం, తర్వాత మెల్లగా పెరిగే వెచ్చదనం వీటికి గుడ్లు పెట్టే కాలం వచ్చిందని చెబుతాయి.

గుడ్డుని ఎక్కడ చూడాలి

గుడ్డు ఎలా ఉందని కాక, ఎక్కడ, ఎలా పెట్టి ఉందని చూడాలి. నేను తప్పింది సరిగ్గా ఇక్కడే.

ఆడ న్యూట్ గుడ్లన్నీ ఒకేసారి, ఒకేచోట పెట్టదు. మొక్క మధ్యకి వెళ్ళి, ముక్కుతో వాసన చూసి ఒక ఆకుని ఎంచుకుంటుంది. దాన్ని వెనక కాళ్ళతో రెండు పక్కల నుంచీ పట్టుకుని, ఒంటి కిందకి మడిచి, ఆ మడతలో ఒక్క గుడ్డు పెడుతుంది. గుడ్డు చుట్టూ ఉన్న జిగురు ఆకుని అతికించేదాకా కాళ్ళతో నొక్కి పట్టుకునే ఉంటుంది. మన అమ్మలు కిళ్ళీ మడిచి లవంగం గుచ్చేదాకా వేళ్ళతో పట్టుకున్నట్టు. తర్వాత ఇంకో ఆకు దగ్గరికి పోతుంది. ఇలా రోజుకి కొన్ని చొప్పున, వారాల తరబడి సాగుతుంది. మొత్తం వంద దాటినా దాటవచ్చు. హైడ్రిల్లా, ఎలోడియా లాంటి మెత్తటి ఆకులంటే దానికి ఇష్టం. జావా మాస్ అనే నాచు ఉంటే దాని పోగుల మధ్య పెడుతుంది. మొక్కలే లేకపోతే ప్లాస్టిక్ ఆకులు, రాళ్ళు, చివరికి ఫిల్టర్ గొట్టం కూడా వాడుకుంటుంది. అందుకే పెంపకందార్లు పల్చటి ప్లాస్టిక్ సంచిని సన్నగా చీల్చి నీళ్ళలో వేలాడదీస్తారు, ఆ పీలికల మడతల్లోనూ పెడుతుంది.

ఆకులు వాడి ముడుచుకుంటే మొక్కంతా ఒకేలా రంగు మారుతుంది. న్యూట్ మడిచిన ఆకు పచ్చగానే ఉంటుంది, అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తుంది, మడత పదునుగా ఉంటుంది. ఈ తేడా నాకు ఆ రోజు తెలిసి ఉంటే!

మడత విప్పకుండా వెలుగుకి ఎదురుగా పెట్టి చూడండి. రెండు మిల్లీమీటర్ల గుండ్రటి గుడ్డు, పైభాగం బూడిద కలిసిన గోధుమ, కిందిభాగం లేత మీగడ రంగు, చుట్టూ గాజులాంటి కోలపొర కనిపిస్తే అది న్యూట్‌దే.

మిగతావాటిని వేరు చేయడం ఆ తర్వాత తేలిక. ఒకే జిగురు ముద్దలో చాలా చుక్కలుండి అద్దానికో ఆకు అడుగునో బల్లపరుపుగా అంటుకుంటే నత్తవి. కొత్త మొక్కలతో పాటు ఇంట్లోకి వచ్చేవి ఇవే, మా పిల్ల పంపిన ఫొటోలోవీ ఇవే. నీటిమట్టానికి పైన, మూత దగ్గర గులాబీ రంగు గుత్తి కనిపిస్తే పెద్ద ఆపిల్ నత్తది. కర్రలకీ రాళ్ళకీ నువ్వుగింజల్లా గట్టి తెల్ల చుక్కలు అంటుకుంటే నెరైట్ నత్తవి, మంచినీళ్ళలో అవి పిల్లలవ్వవు. ఆక్సలాటల్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే వందల గుడ్లు అంటిస్తుంది, ఆకు మడవదు. బాల్కనీలో తామర తొట్టెలో పొడవాటి జిగురు దారంలో నల్లపూసల్లా గుడ్లు కనిపిస్తే గోదురుకప్పవి. వానాకాలంలో తొట్టె అంచున నురగ ముద్ద వేలాడితే అది చెట్టుకప్ప పని. చేపగుడ్ల విషయంలో కాలమే చెబుతుంది. మన ఇళ్ళల్లో ఉండే చేపల గుడ్లు చాలావరకు వారం లోపే పిల్లలవుతాయి, న్యూట్ గుడ్డుకి 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు పడుతుంది.

లోపల ఏం జరుగుతుందో

ఫోన్ కెమెరాకి చిన్న భూతద్దం ఆనించి రోజూ ఒక ఫొటో తీయండి. మొదటి రోజు గుండ్రటి బంతి రెండుగా, నాలుగుగా చీలడం కనిపిస్తుంది. మొదటి వారం చివరికి అది చిక్కుడు గింజలా వంగుతుంది. రెండో వారంలో తలా తోకా తెలుస్తాయి, మొప్పల మొలకలు వస్తాయి, ఉన్నట్టుండి ఒక విదిలింపు. ఇంత తేటగా కనబడుతుంది కాబట్టే పిండశాస్త్రంలో గొప్ప ప్రయోగాలు న్యూట్ గుడ్ల మీద జరిగాయి. జర్మనీలో హాన్స్ స్పేమన్ తన పసిబిడ్డ తలవెంట్రుకతో ముడివేసి గుడ్డుని మధ్యకి బిగించి, రెండు సగాలూ ఏమవుతాయో చూశాడు. ఆయన విద్యార్థిని హిల్డె మాంగోల్డ్ ఒక న్యూట్ పిండంలోంచి చిన్న ముక్క తీసి వేరే జాతి పిండంలో నాటితే అక్కడ రెండో శరీరం మొలకెత్తింది. ఆ పని అచ్చయిన 1924లోనే ఆమె చనిపోయింది. 1935లో నోబెల్ స్పేమన్‌కి వచ్చింది. మా పిల్ల ఈ సంగతి విన్నాక ఆ ఆకులని ముట్టుకోవడానికి కూడా భయపడింది.

రెండు మూడు రోజులైనా గుడ్డు అలాగే ఉండి, తెల్లగా మసకబారి, పైన దూదిలాంటి బూజు పట్టిందంటే అది పోయినట్టే. దాన్ని తీసెయ్యాలి, లేకపోతే పక్కవాటికి పాకుతుంది. మంచి గుడ్లని ఆకుతో సహా కత్తిరించి వేరే డబ్బాలో, అదే ట్యాంకు నీళ్ళలో పెట్టాలి. వదిలేస్తే తల్లే తినేస్తుంది. కుళాయి నీళ్ళు కలపాలంటే క్లోరిన్ పోయేదాకా నిలవ ఉంచినవే కలపాలి.

బయటికి వచ్చిన పిల్ల సెంటీమీటరు పొడవుంటుంది. చేపపిల్ల అనుకునేవాళ్ళున్నారు, తోకకప్ప అనుకునేవాళ్ళూ ఉన్నారు. తోకకప్ప మొప్పలు కొద్దిరోజుల్లోనే చర్మం కిందకి పోతాయి, కాళ్ళు వెనకవే ముందు కనిపిస్తాయి. న్యూట్ పిల్లకి మొప్పలు నెలల తరబడి బయటే కుచ్చుల్లా ఊగుతాయి, ముందరి కాళ్ళే ముందు వస్తాయి. తోక చివర మూడు ఆకుల్లాంటివి ఉంటే అది చిన్న తూనీగ పిల్ల, మాంసాహారి, వెంటనే తీసెయ్యండి.

ఈ పిల్లలు కదిలే ఆహారం తప్ప మరేదీ తినవు. ఇందులో మాత్రం విశాఖవాళ్ళం అదృష్టవంతులం. భీమిలి తీరం వెంట రొయ్యపిల్లల హేచరీల్లో రోజూ పొదిగించే ఆర్టీమియానే, అంటే ఉప్పునీటి చిట్టి రొయ్యలాంటి జీవే, వీటికీ మొదటి మేత. ఉప్పునీళ్ళలో గాలి పెట్టి ఒక రోజు ఉంచితే ఆర్టీమియా పిల్లలు బయటికి వస్తాయి, వాటిని మంచినీళ్ళతో కడిగి వెయ్యాలి.

మనకి శాపం ఎండ. ఎర్రకడుపు న్యూట్ 15 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 25 దాటితే నలిగిపోతుంది. మే నెలలో మన ఇళ్ళల్లో నీళ్ళు 30 దాటడం మామూలే. నీటి మీదకి ఫ్యాను పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. హైదరాబాద్ పొడి ఎండకి అది బాగా పనిచేస్తుంది. ఇక్కడి సముద్రపు గాలిలో ఉక్క ఎక్కువ కాబట్టి నీళ్ళు ఆవిరయ్యేది తక్కువ, చల్లబడేదీ తక్కువే. ఐస్ సీసాలు వేస్తే నీళ్ళు ఒక్కసారిగా చల్లబడి మళ్ళీ వేడెక్కుతాయి, ఆ ఊగిసలాట కూడా మంచిది కాదు. పగలూ రాత్రీ నడిచే ఏసీ గది గానీ, ట్యాంకు నీళ్ళు చల్లబరిచే చిల్లర్ యంత్రం గానీ లేనివాళ్ళు విశాఖలో న్యూట్‌ని కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పెంచలేనన్ని గుడ్లు వస్తే మొదటి రోజుల్లోనే, పిండం రూపు కట్టకముందే, ఫ్రీజర్లో పెట్టడం సరైన పద్ధతి. ఎవరికో పంచిపెట్టి అవి ఎండాకాలంలో ఉడికిపోయేలా చెయ్యడం కన్నా అది నయం.

ముడసర్లోవ జలాశయంలోనో మేఘాద్రిగెడ్డ జలాశయంలోనో వదిలేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. 2013లో గుర్తించిన బీసాల్ అనే చర్మపు బూజు ఆసియా న్యూట్ల మీద ఉంటుంది, వాటిలో చాలావాటికి పెద్దగా హాని చెయ్యదు. అదే బూజు నెదర్లాండ్స్‌లో న్యూట్ల దాయాదులైన ఫైర్ సాలమాండర్లని దాదాపు తుడిచిపెట్టింది. ఆ భయంతోనే అమెరికా 2016 జనవరిలో 20 ప్రజాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపింది. మన దేశంలో ప్రమాదం ఆ హిమాలయపు న్యూట్లకి. ట్యాంకు నీళ్ళు మార్చినప్పుడు గెడ్డలో పారబోయకుండా కుండీ మొక్కలకి పోయండి.

చట్టం సంగతి కూడా జాతి తేలితేనే తేలుతుంది. ఆక్సలాటల్, అలాగే 2019 నుంచి మొసలి న్యూట్లు, దేశాల మధ్య జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ వచ్చాక, ఆక్సలాటల్ లాంటి విదేశీ జీవులు ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి, పిల్లలు పుట్టినా తెలపాలి. మన మొసలి న్యూట్‌ని పట్టుకోవడం, అమ్మడం అసలే నేరం. చీటీ మీద "న్యూట్" అని రాస్తే సరిపోదనేది ఇందుకే.

జనవరిలో మా అక్కవాళ్ళ ట్యాంకులో మిగిలిన మడతాకులు పదకొండు. మూడు తెల్లబడి పోయాయి. ఎనిమిది పిల్లలయ్యాయి, ఏసీ గదిలో ఐస్‌క్రీమ్ డబ్బాల్లో ఒక్కోదానిలో రెండేసి ఉన్నాయి. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు మా పిల్ల టార్చి వేసి చూపించింది. ముందరి కాళ్ళు మొలిచాయి, వెనకవి ఇంకా రాలేదు. భూతద్దంలోంచి ఆ పిల్ల వేళ్ళు లెక్కపెట్టింది, నాలుగు.